ముందే పెట్టుకున్న ఇయర్‌ఫోన్

కొండెక్కేటప్పుడు ఎయిలిఫ్ బ్రెక్కె దగ్గరున్న సరుకు ఇంతే: వీపు సంచిలో మైక్రోఫిల్ము, ఒక పార, మెడలో మంచు కింద కూరుకుపోతే కూతపెట్టి జాడ చెప్పే బీపర్, వెనకాల తోటి ఏజెంట్ సునీవా. మొదటి మూడూ నమ్మదగ్గవి.

పైకి అతను నార్వేలోని ట్రోమ్సోలో ఎండుచేపల వర్తకుడు, లోపల గూఢచారి. జలాంతర్గాముల చప్పుడు వినే కేంద్రం ప్లాన్లను విదేశీ ముఠా కాజేస్తే, ఆ ఫిల్మును తిరిగి లాక్కొచ్చాడు. ఇప్పుడు ముఠావాళ్లు తుపాకులతో స్కీ జాడ పట్టుకుని వస్తున్నారు. ముందున్న వాలు దాటితే అవతల ఫ్యోర్డులో, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, పడవ ఉంది.

ఆ వాలే బాగాలేదు. రాత్రంతా వీచిన గాలి శిఖరం మీది మంచును తెచ్చి ఇటువైపు పలకలా పేర్చింది. స్కీ కర్రతో పొడిస్తే డొల్లగా మోగింది. బరువు పడితే పలక మొత్తం విరిగి జారుతుంది.

"ఒక్కొక్కరమే దాటాలి. నువ్వు ముందు పద, షావుకారూ," అంది సునీవా. "నీ చేపల్లాగే నువ్వూ ఎండిపోయావు, బరువుండవులే."

నవ్వబోతూ చూశాడు. ఆమె టోపీ కింద సన్నని వైరు. బీపర్ ఇయర్‌ఫోన్ అప్పటికే చెవిలో ఉంది. మంచులో కూరుకుపోయినవాడి బీపర్ కూతను వెతికేటప్పుడే ఎవరైనా దాన్ని పెట్టుకునేది; అప్పుడు వాళ్ల బీపర్ కూయడం మాని వింటుంది. ఇక్కడ ఇంకా ఎవరూ కూరుకుపోలేదు.

లెక్క తేలింది: సునీవా ముఠాకు అమ్ముడుపోయింది. తనను కాల్చి చంపితే ఆఫీసు ఆమెను అనుమానిస్తుంది. మంచు మింగితే అందరూ గాలిని తిడతారు. ఆమె తీరిగ్గా తవ్వి ఫిల్ము తీసుకుంటుంది.

వెనక్కి పోతే తూటా. కదిలాడు, బండరాళ్ల అంచు పట్టుకుని. కోటు లోపల బీపర్ తాడు విప్పాడు.

కాళ్ల కింద ధబ్‌మంది. వాలు మీద పగులు మెరుపులా పరుగెత్తింది. బండ మీదికి దూకి, దాన్ని కావలించుకుని, బీపర్‌ను జారుతున్న మంచులోకి విసిరాడు. కొండ సగం గర్జిస్తూ కిందికి పోయింది.

మంచు పొడి అణిగేసరికి, అతను కిందే కూరుకున్నాడనుకుని సునీవా ఆ బీపర్ కూత వింటూ దిగుతోంది, విరగకుండా మిగిలిన సగం మీదుగా.

"ఆగు, అటు పోకు!" అరిచాడు. ఆమె చెవిలో బీపర్ కూత తప్ప ఏమీ లేదు.

ఆ సగమూ విరిగింది. అప్పుడే వాలు అంచుకు చేరిన తుపాకులవాళ్లు అది చూసి వచ్చిన దారినే వెనుదిరిగారు. మంచు పైన ఒక చేతితొడుగు మాత్రం కదులుతోంది. ఎయిలిఫ్ పార తీశాడు.

ముఖం బయటపడ్డాక ఆమె దగ్గుతూ అడిగింది: "ఎందుకు తవ్వావు?"

"చెయ్యి కనబడింది కాబట్టి. లేకపోతే నిన్నెలా పట్టుకుంటాను? నీ బీపర్ కూత పెట్టడం లేదుగా, వింటోంది. లే అమ్మాయ్, నీ కబుర్లు వినాలని ఆఫీసులో చాలామందికి సరదా."

ఫిల్ము మిగిలింది. ప్రాణం మిగిలింది. ముఠా పేర్లన్నీ తెలిసిన మనిషి అదనంగా దొరికింది. పోయింది బీపర్ ఒక్కటే. ఎయిలిఫ్‌ను వెతకమని అది మంచు అడుగున ఇంకా మొత్తుకుంటూనే ఉంది.