వెనక లైటు

సగం అర్థం చెప్పి వదిలేసిన మాట ఎంత దూరం పోతుందో కృప అప్పటికి ఎరుగదు.

మొయినాబాద్ షటిల్ కోర్టులో గిద్యోనును మొదటిసారి ఓడించిన సాయంత్రం, రాకెట్ భుజాన వేసుకుని, "చే మేయ్ డాంగ్," అన్నది.

"అంటే?"

"నా బండి వెనక లైటు చూసుకో అని. ఆఫీసోళ్లు ట్రైనింగ్‌కు హాంకాంగ్ పంపినప్పుడు నేర్చుకున్న."

అది గెలిచినవారు ఓడినవారిని చులకన చేసే కాంటనీస్ మాట. నువ్వెంత వెనకబడ్డావంటే, ఇక నీకు కనబడేది నా వెనక లైటే అని భావం. ఆ సంగతి ఆమె చెప్పలేదు. గిద్యోనుది బండ్ల ఎలక్ట్రికల్ షాపు కనుక, అతను నేరుగా బయటికి వెళ్లి ఆమె స్కూటీ వెనక నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

"నిజమే, వెలుగుతలేదు. వైరు తెగింది." కాసేపటికి లేచాడు. "ఇప్పటికైతే ముడేసిన, మళ్ల ఊడొచ్చు. చేవెళ్లల మీ ఇంటి దాక ఎనక రావాల్నా?"

"రా. ఓడినోళ్ల జాగ అదే గదా."

ఆ విధంగా రెండు నెలలు, ఇల్లు మరో దిక్కున చిల్కూరులో ఉన్న మనిషి, ఆట ముగిశాక చేవెళ్ల దాకా వచ్చి వెనుదిరిగేవాడు. వైరు ఎప్పుడో బాగుపడింది. ఆ ప్రస్తావన ఇద్దరూ తేలేదు.

ఒకనాడు స్నేహితురాలు ప్రగతి అడిగినందువల్ల, కృప ఆ మాట అసలు అర్థాన్ని అందరి ముందూ నవ్వుతూ విప్పి చెప్పింది. గిద్యోను కూడా నవ్వాడు. మరునాటి నుంచి ఆటకు రాలేదు.

పది రోజులు అద్దంలో ఖాళీ రోడ్డును చూసుకుంటూ ఇల్లు చేరిన తరువాత, తాను ఏ ఆటలో ఓడిపోతున్నదో ఆమెకు తెలిసివచ్చింది. పదకొండో సాయంత్రం అతని షాపు ముందు స్కూటీ ఆపింది.

"లైటు వెలుగుతలేదు."

గిద్యోను బ్రేకు నొక్కి చూశాడు. "మంచిగనే వెలుగుతున్నది గదా."

"వెలిగితే అయితదా? చూసేటోళ్లుండాలె."

అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "ఓడినోడే చూస్తడంటివి."

"అందుకే వచ్చిన. ఇయ్యాల నువ్వు ముందు పో, నేను ఎనక వస్త."

"ముందుపోతే చిల్కూరే పోత. ఇంట్ల అమ్మ ఉన్నది. నువ్వెవరని చెప్పాలె?"

"ఓడిపోయిన పిల్ల అని చెప్పు."

నవ్వు దాచుకోవడానికి అతను హెల్మెట్ పెట్టుకున్నాడు.

చిల్కూరు మలుపు దగ్గర కృప హారన్ కొట్టి అతన్ని ఆపింది.

"గిద్యోనూ, నీ బండికే ఎనక లైటు లేదు."

అతను వంగి చూసుకుని తల గోక్కోబోతే హెల్మెట్ అడ్డం వచ్చింది. "ఇన్నేండ్లల్ల నా ఎనక ఎవరొచ్చిన్రు, చెప్పనీకి?"

కృప తన హెడ్‌లైటు వెలుగు అతని వీపు మీద పడేలా బండిని సర్దుకున్నది.

"నడువు. నేనున్న."