అమ్మ కోర్సులో అక్క సీటు

ఆ ఇంట్లో భోజనాల గది గోడ కనిపించక చాలా నెలలైంది. గోడ నిండా చీటీలే. నీలం చీటీ మీద పాఠం పేరు, దాని కింద పసుపు చీటీ మీద ఆ పాఠానికి ఎన్ని వారాలు కావాలో, పక్కన గులాబీ చీటీ మీద అది చెప్పగలిగేవాళ్ళు దొరుకుతారో లేదో. అమ్మ పాఠాలు చెప్పే కాలేజీలో కొత్తగా ఒక పీజీ కోర్సు పెడుతున్నారు. దాని పేరు అప్లైడ్ సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్. అందులో ఏం చెప్పాలి, ఎవరికి చెప్పాలి, ఎంతకాలం చెప్పాలి అన్నదంతా తయారు చేసే పని అమ్మ నెత్తిన పడింది. కాలేజీలో తన గది గోడ చాలక ఆ పని ఇంటి గోడ మీదికి ఎగబాకింది.

ఫ్యాను వేస్తే చీటీలు ఎగిరిపోతాయని ఆ గదిలో ఫ్యాను వేయడం మానేశారు. ఎండాకాలమంతా మిగతా ముగ్గురూ చెమటలు కక్కుతూ తిన్నారు. అమ్మకి మాత్రం చెమట పట్టినట్టు కూడా తెలియలేదు.

"అన్నం తినేది మనం, ఉక్కపోసేది మనకి. గాలి తగలకూడనిది మాత్రం చీటీలకి," అనేవాడు నాన్న. ఆయన కట్టుడు పళ్ళు తయారు చేస్తాడు. ఇంటి వెనక గదిలో ఆయన పని. అక్కడ మేజాబల్ల మీద ఎవరివో పై పళ్ళూ కింది పళ్ళూ వరసగా నవ్వుతూ ఉంటాయి.

ఆ ఇంట్లో చిన్నపిల్లని అందరూ పిచ్చుక అంటారు. మాట తక్కువ, బెదురు ఎక్కువ. ఆ రోజు పొద్దున పిచ్చుక కాఫీ తాగుతూ గోడనే చూస్తోంది. ఎన్నిసార్లు చూసినా ఆ కోర్సు ఏమిటో దానికి పూర్తిగా బోధపడలేదు.

"అమ్మా, సాఫ్ట్‌వేర్ అంటే సరే. అప్లైడ్ ఎందుకు?"

అమ్మ చేతిలో దువ్వెన, కళ్ళు గోడ మీద. "పరీక్షలో రాసి మర్చిపోయేది కాదు. ఎవరో ఒకరు రోజూ నిజంగా వాడి, బాగాలేకపోతే మనల్ని తిట్టుకునేది తయారు చేయడం. అందుకే మొదటి టర్మ్‌లో కొత్త ప్రోగ్రాం ఒక్కటీ రాయనివ్వను. ఎవరో రాసి వదిలేసిన పాత ప్రోగ్రాం ఇచ్చి, దీన్ని చదివి బాగుచేయండి అంటాను."

"పాపం, పిల్లలు!" అన్నాడు నాన్న లోపల్నుంచి.

"మీ దగ్గరికి ఎవరైనా విరిగిన పళ్ళతో రారా? అంతే ఇదీ."

అప్పుడే అక్క తడి జుట్టుతో వచ్చి కూర్చుంది. అక్క డిగ్రీలో జంతుశాస్త్రం చదివింది. ఇప్పుడు పెంపుడు జంతువుల ఆసుపత్రిలో ముందు బల్ల దగ్గర పనిచేస్తోంది. అక్కడి సాఫ్ట్‌వేర్ మనుషుల ఆసుపత్రి కోసం చేసినది. కుక్కని తెచ్చినా పిల్లిని తెచ్చినా 'వృత్తి' అని అడుగుతుంది, నింపకపోతే ముందుకు కదలదు. అక్క కుక్కలకి 'కాపలా' అనీ, పిల్లులకి 'విశ్రాంతి' అనీ కొడుతుంది. ఆ విసుగులోంచే ఈమధ్య తనంతట తాను నేర్చుకుని, ఏ కుక్కకి ఎప్పుడు టీకా వేయించాలో యజమానికి గుర్తుచేసే చిన్న ప్రోగ్రాం ఒకటి తయారు చేసింది.

"అమ్మా, నీ కోర్సుకి నేను అప్లై చేస్తాను," అంది అక్క, ఉప్పు అందుకుంటున్నంత మామూలుగా.

అమ్మ దువ్వెన జుట్టులో ఆగిపోయింది. "నీకు ఎవరు చెప్పారు అది?"

"గోడ చెప్పింది. ఆ ఆకుపచ్చ చీటీ ఉందిగా."

ఆకుపచ్చ చీటీ గోడ మొదట్లో, తలుపు పక్కనే ఉంది. వంతెన టర్మ్ అని రాసి ఉంది దాని మీద. వేరే సబ్జెక్టులు చదివి, ఎక్కడో పనిచేస్తున్నవాళ్ళు కోర్సుకి ముందు మూడు నెలలు పునాది పాఠాలు నేర్చుకుని, పరీక్ష గట్టెక్కితే మిగతావాళ్ళతో కలిసి చేరవచ్చు. అది అమ్మకి ఎంతో ఇష్టమైన చీటీ. ఇంటికి ఎవరొచ్చినా ముందు దాన్నే చూపించేది.

"చూద్దాంలే," అంది అమ్మ.

అక్క బండి వీధి మలుపు తిరిగే చప్పుడు వినపడగానే అమ్మ లేచి, ఆ ఆకుపచ్చ చీటీని పీకేసింది. చీటీతోపాటు ఇంత సున్నం పెచ్చు ఊడొచ్చింది. ఆ ఖాళీ పక్కనే తెల్ల చీటీ ఒకటి అంటించింది. 'కంప్యూటర్ డిగ్రీ ఉన్నవారికి మాత్రమే.'

పిచ్చుక నోరు తెరిచి చూస్తోంది.

"నీకు స్కూలు టైమవ్వలేదా?" అంది అమ్మ, దాని వైపు చూడకుండానే.

స్కూల్లో ఆ రోజు పిచ్చుకకి ఒక్క పాఠమూ తలకెక్కలేదు. అక్కకి చెప్పాలా? చెబితే అమ్మ మీద చాడీ చెప్పినట్టు కాదా? చెప్పకపోతే అక్కని మోసం చేసినట్టు కాదా? అమ్మ మంచిదే. అక్కా మంచిదే. మరి ఈ పని చెడ్డదెలా అయింది? ఎటు తిప్పి ఆలోచించినా మొదటికే వచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో రిహార్సల్. తెల్లవారితే, కొత్త కోర్సులకి అనుమతిచ్చే కమిటీ ముందు అమ్మ తన కోర్సు గురించి చెప్పాలి. అలాంటి రోజుకి ముందు ఇంట్లో నాటకం వేసుకోవడం ఆ ఇంటి అలవాటు. నాన్న కమిటీ అధ్యక్షుడు. అక్క, చదువు అయ్యాక ఉద్యోగాలిచ్చే కంపెనీ మనిషి. పిచ్చుక విద్యార్థి ప్రతినిధి. నియమం ఒక్కటే. రిహార్సల్ జరుగుతున్నంతసేపూ అమ్మా లేదు, నాన్నా లేడు. ఆ వేషంలో అన్న మాటకి తర్వాత ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. దాన్ని అడ్డం పెట్టుకుని కిందటిసారి నాన్న, "మేడమ్, మీ ప్రణాళిక బాగుంది గానీ మీ ఇంట్లో కూరల్లో కారం మితిమీరుతోందని కమిటీ అభిప్రాయం," అన్నాడు.

నాన్న కోటు తొడుక్కొచ్చి, చెంచాతో గ్లాసు మీద టంగుమని కొట్టాడు. "కానివ్వండి మేడమ్."

అమ్మ మొదలుపెట్టింది. పాత ప్రోగ్రాం బాగుచేయడం, తప్పులు పట్టుకోవడం, వాడేవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ పని చూడడం, చివరి టర్మ్ మొత్తం ఒక నిజమైన పనిచోట గడపడం. గొంతు నిబ్బరంగా ఉంది. కానీ చేతులు మాటిమాటికీ తెల్ల చీటీకి అడ్డంగా వస్తున్నాయి.

"ఒక్క నిమిషం," అంది కంపెనీ మనిషి. "పక్కకి జరగండి మేడమ్. ఆ తెల్ల చీటీ ఏంటి?"

"ప్రవేశ అర్హత."

"పొద్దున అక్కడ వేరేది ఉండేదే!"

"మార్చాను. ఇతర సబ్జెక్టుల వాళ్ళు వస్తే కోర్సు స్థాయి పడిపోతుంది."

అక్క కుర్చీలో ముందుకి వంగింది. "నా కంపెనీకి జంతువుల ఆసుపత్రిలో పనిచేసిన మనిషి కావాలి. కుక్కకి వృత్తి అడగని సాఫ్ట్‌వేర్ చేసే మనిషి. అలాంటి ఆమె మీ కోర్సులో ఎక్కడ కూర్చుంటుంది?"

"అలాంటి వాళ్ళకి చోటు లేదు."

"ఆమెకి చేతనైతే?"

"చేతనవడం వేరు, నిలబడడం వేరు. సంగీతం సగంలో వదిలేసి, ఈత సగంలో వదిలేసి, ఇప్పుడు దీని మీద పడితే..."

కంపెనీ మనిషికి సంగీతం, ఈత ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఇప్పుడు మాట్లాడింది మేడమా, అమ్మా? పిచ్చుక ఇద్దరి మొహాల్లోకీ మార్చి మార్చి చూసింది. దానికి అంతు చిక్కలేదు.

"సంగీతం నేను మానలేదు," అంది అక్క. "నువ్వు సాయంత్రం క్లాసులు కూడా చెప్పే రోజుల్లో చెల్లిని చూసుకోవడానికి మానిపించావు. గుర్తులేదా?"

"ఇది రిహార్సల్. నువ్వు కంపెనీ మనిషివి."

"కాదమ్మా. పొద్దున్నే అయిపోయింది నీ రిహార్సల్. నేను అటు వెళ్ళగానే పీకేశావు, అవునా? నేను నీ క్లాసులో కూర్చుంటే నీకంత నామోషీనా?"

"నోర్ముయ్! నామోషీ అట!" అమ్మ చేతిలో చీటీల కట్ట నేల మీద పడింది. "ఈ కోర్సు మూడుసార్లు వెనక్కి పంపారు. ఆవిడకేం తెలుసు అన్నవాళ్ళే ఇప్పుడు వింటున్నారు. రేపు నా కూతురు మొదటి వరసలో కూర్చుంటే ఏమంటారు? కూతురికి డిగ్రీ కావాలని తల్లి ఏకంగా కోర్సే కుట్టిపెట్టింది అంటారు. ఇన్నాళ్ళ కష్టమూ బూడిదైపోతుంది. నీకు ఇంకో కాలేజీ దొరుకుతుంది. నాకు ఇంకో పేరు దొరకదు."

"ఊళ్ళో ఇలాంటి కోర్సు ఇదొక్కటే కదా," అన్నాడు నాన్న మెల్లగా. కోటు విప్పబోయి, విప్పాలో వద్దో తెలియక ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి బయట పెట్టుకుని ఆగిపోయాడు.

అక్క లేచి నిలబడింది. ఆ లేవడం చూస్తే మళ్ళీ ఈ బల్ల దగ్గర కూర్చోదేమో అనిపించింది పిచ్చుకకి. భయం వేసింది. ఏదో ఒకటి అనాలి. కూతురిగా, చెల్లిగా ఏం అనాలో తెలియలేదు. దానికి మిగిలిందల్లా పొద్దుట్నుంచీ అర్థం కాని ఒక ముక్క, చేతిలో ఉన్న ఒక వేషం. చెయ్యెత్తింది.

"మేడమ్..."

ముగ్గురూ దాని వైపు తిరిగారు. ఇన్ని రిహార్సల్స్‌లో విద్యార్థి ప్రతినిధి నోరు విప్పడం అదే మొదటిసారి.

"నాకు ఒకటి అర్థం కాలేదు మేడమ్. కూతురి కోసం కోర్సు మార్చారని ఎవరూ అనకూడదు. అంతేగా మీ భయం?"

"అంతే," అంది అమ్మ.

"కానీ... కోర్సు మార్చారు కదా. అక్క అడగకపోతే ఆ ఆకుపచ్చ చీటీ అక్కడే ఉండేది. అక్క అడిగిందని తీసేశారు. అంటే కూతురి కోసమే మార్చినట్టు కాదా? నాకు తెలీక అడుగుతున్నాను."

అమ్మ జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. కమిటీలో ఎంత పెద్దవాళ్ళు అడిగినా తడుముకోని అమ్మ, గోడ మీద ఊడిన సున్నం వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఇంకోటి మేడమ్," అంది పిచ్చుక, ఏడుపు ఆపుకుంటూ. "అక్కలాంటి వాళ్ళు ఇంకా ఉంటారు కదా. వాళ్ళ అమ్మలు ఇక్కడ పనిచేయరు. వాళ్ళు ఏం చేశారని?"

అమ్మ కుర్చీలో కూలబడింది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ ఆకుపచ్చ చీటీ రాసినప్పుడు నా కళ్ళ ముందు ఎవరున్నారో తెలుసా?" అంది. ఎవరితో అంటోందో తెలియలేదు. "రోజూ ఇంటికొచ్చి, ఇవాళ పది పిల్లులకి విశ్రాంతి కొట్టాను అని నవ్వే పిల్ల ఉండేది. దీనికి నేర్పే చోటంటూ ఒకటి ఉంటే బాగుండు అనుకునే రాశాను. అదే నిజంగా వచ్చి తలుపు తట్టేసరికి... దొంగని చూసినట్టు గడియ వేసుకున్నాను."

గుమ్మం దాకా వెళ్ళిన అక్క ఆగిపోయింది. "అది నన్ను చూసి రాసిందా?"

"మరెవరిని చూసి రాస్తాను?" అమ్మ కళ్ళు నిండిపోయాయి. "సంగీతం సంగతి కూడా నాకు గుర్తుంది. గుర్తులేనట్టు ఉంటేనే బతకగలిగాను, అంతే."

అక్క వచ్చి నేల మీద పడ్డ చీటీలు ఏరడం మొదలుపెట్టింది. అమ్మ కూడా కిందికి దిగింది. ఇద్దరి తలలూ బల్ల కింద ఢీకొన్నాయి. అక్క నవ్వబోయి ఏడ్చింది. అమ్మ దాని తల నిమురుతూ తనూ ఏడ్చింది.

"ఇప్పుడిది రిహార్సలా, నిజమా?" అని అడిగింది పిచ్చుక.

"నాకూ తెలియడం లేదే," అంది అమ్మ బల్ల కింద నుంచే.

ఆకుపచ్చ చీటీ అమ్మ కళ్ళద్దాల పెట్టెలో మడతపెట్టి ఉంది. పారేయడానికి చేతులు రాలేదట. తెల్ల చీటీ తీసేశారు గానీ, గోడ పెచ్చు ఊడిన చోట ఆకుపచ్చ చీటీకి టేపు అంటలేదు. నాన్న వెనక గదిలోంచి పళ్ళ అచ్చులకి వాడే గులాబీ రంగు మైనం తెచ్చి, వేళ్ళతో వెచ్చచేసి అతికించాడు. "ఇది నమిలినా ఊడదు," అని చెంచాతో గ్లాసు మీద టంగుమని కొట్టాడు.

మర్నాడు సాయంత్రం అమ్మ వచ్చేదాకా ముగ్గురూ గుమ్మంలోనే ఉన్నారు. అమ్మ చెప్పులు విప్పింది, నీళ్ళు తాగింది, ఆ తర్వాత చెప్పింది.

"వాళ్ళు అడిగేలోపే చెప్పేశాను. నా కూతురు కూడా అప్లై చేస్తుంది, ప్రవేశ పరీక్ష దగ్గరికి గానీ ఇంటర్వ్యూ దగ్గరికి గానీ నేను రాను, దాని పేపర్లు నేను ముట్టుకోను అన్నాను. ఒకాయన మొహం చిట్లించాడు. గంటసేపు వాదులాడుకున్నారు. చివరికి ఒప్పుకున్నారు. వంతెన టర్మ్ ఉంటుంది."

"మరి నాకు సీటు రాకపోతే?" అంది అక్క.

"ఇంట్లో అన్నం పెడతాను. మార్కులు మాత్రం వేయను."

నాన్న వెళ్ళి భోజనాల గదిలో ఫ్యాను వేశాడు. ఇన్నాళ్ళ దుమ్ముతో సహా గాలి ఒక్కసారి మీద పడింది. చీటీలన్నీ రెపరెపలాడి, ఒక్కొక్కటే ఊడి అన్నం గిన్నెల మీద వాలాయి. అమ్మ అరవలేదు. ఆ పళ్ళ మైనం అతికిన ఆకుపచ్చ చీటీ మాత్రం గోడని పట్టుకునే ఉంది.

పిచ్చుకకి ఇంకా ఒక అనుమానం మిగిలిపోయింది. "అక్కా, క్లాసులో నువ్వు అమ్మని మేడమ్ అంటావా, అమ్మా అంటావా?"

అక్క అమ్మ వైపు చూసింది. అమ్మ కంచంలోంచి ఒక నీలం చీటీ తీసి, కొంగుతో తుడుస్తూ తలొంచుకుంది.

"దాని నోటికి ఏదొస్తే అది అననీ," అంది. "నేను పలుకుతాను."