కుట్టుకొక చుక్క

"నెలలో ఇది నాలుగోసారయ్యా! నువ్వు బాగుచేసి పోతున్నావా, పాడుచేసి పోతున్నావా?"

మెకానిక్కు గడపలో చెప్పులైనా విడవలేదు, టైలరు షాపావిడ అందుకుంది. ఆవిడ నోరూ కత్తెరే. ఒకసారి తెరిచిందంటే అంచు దాకా ఆగదు.

"పాత మిషనమ్మా, కుట్టు తప్పుతుంది మరి," అన్నాడు.

"నిరుటిదాకా ఒక్క కుట్టూ తప్పలేదే! మా అక్క కూతురు దాని ముందు కూర్చున్నాకే దానికి రోగం, నీకు రాకపోకలూనూ. స్క్రూ వదులుగా పెట్టి పోతున్నావేమో, ఎవరు చూడొచ్చారు? మళ్లీ ఆగిందంటే వేరే మెకానిక్కుని పిలుస్తాను."

పనికి ద్రోహం చేసే రకం కాదతను. అలాగని ఈ గడప తొక్కకుండా బతకగలడా అంటే, ఆ ధైర్యమూ లేదు.

అక్క కూతురు మాత్రం కిటికీ దగ్గర కూర్చుని, ఏమీ ఎరగనట్టు బొత్తాలు ఏరుకుంటోంది.

ఎవరో కోటు కొలతలకు వస్తే షాపావిడ లోపలి గదిలోకి వెళ్లింది. అతను మిషను వంచి చూశాడు. పోయినవారం తన చేత్తో బిగించిన స్క్రూయే, మళ్లీ వదులు! కొత్త సూది కోసం సొరుగు లాగితే, నల్లదారం ముడివేసిన పెన్ను ముక్క దొరికింది, ఫోను తెర మీద నొక్కే రబ్బరు మొనది.

"ఇదేమిటండీ, మిషనుకి చెవిపోగా?"

"ష్! పిన్ని వింటే తోలు తీస్తుంది." ఆమె గొంతు తగ్గించి ఫోను చూపించింది. తెర మీద ఏదో గేమ్, నీలంగా ఒక గ్రహం. "దీన్ని ఒకసారి నొక్కితే ఒక చుక్క రాలుతుంది. వేలు నొప్పెట్టి, ఈ ముక్కని దారం లాగుతూ పైకీ కిందికీ ఆడే కొక్కేనికి కట్టాను. కింద ఫోను పెట్టి తొక్కితే కుట్టుకొక చుక్క!"

"అబ్బో! కుట్టేది చొక్కాలు, ఏలేది గ్రహాలు!"

"మీరేం తక్కువ తిన్నారా? మొన్న మీ జేబులో మోగింది ఈ గేమే కదూ?" అని, కళ్లు వాల్చి, "ఆ అదురుకే స్క్రూ వదులవుతోందేమో పాపం," అంది.

అతను ఫోను అందుకున్నాడు. ఆ గేమ్ అతనికి కొట్టినపిండి. మొదట్లోనే నొక్కుడు; ఆ చుక్కలతో రోబోలని కొన్నాక, మనం నిద్రపోయినా అవే చుక్కలు తవ్వి పోస్తుంటాయి. ఆమెకి పద్నాలుగు గ్రహాలు, అన్నిటా రోబోలే. గేమ్‌లో లెక్కల పేజీ తెరిచి చదివాడు.

"చివరిసారి నొక్కింది నలభై రోజుల కిందట."

ఆమె చేతిలో బొత్తాలు ఆగిపోయాయి.

"నలభై రోజులుగా ఈ ముక్కతో పనే పడలేదు. మరి ఈ నెలలో నాలుగుసార్లు స్క్రూ వదులు చేసిందెవరండీ?"

"రోబోలేమో."

"వాటికి స్క్రూడ్రైవర్ ఎవరిచ్చారు?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "మిషను బాగుంటే మీరు రారు. వస్తే దాంతోనే మాట్లాడతారు. నన్నేం చేయమంటారు?"

ఇంతలో షాపావిడ మెడలో టేపుతో బయటికొచ్చింది.

"ఏం తేలింది?"

నిజం చెబితే పిల్లకి చీవాట్లు. చెప్పకపోతే తనకి ఈ గడప చెల్లు. అతను నేల చూస్తూ, "తప్పు నాదేనమ్మా," అన్నాడు.

"కాదు పిన్నీ!" ఆమె దిగ్గున లేచింది. బొత్తాలు గదంతా దొర్లాయి. "నేనే వదులు చేశాను. నాలుగుసార్లూ."

"ఎందుకే?"

"ఈయన రావాలని."

షాపావిడ ఒకసారి అటూ, ఒకసారి ఇటూ చూసింది. నవ్వు రాబోతే పెదవి బిగబట్టింది.

"ఆ ముక్క నోటితో చెప్పి ఏడిస్తే నాలుగు కోట్లు ఆలస్యమయ్యేవి కాదు గదటే! ఏమయ్యా, నీకైనా నోరుందా, స్క్రూడ్రైవరేనా?"

"ఉందమ్మా... నాకూ ఇష్టమే."

"అయితే ఆదివారం మీ అమ్మని వెంటబెట్టుకుని రా. ఆ పనిముట్ల సంచీ మాత్రం ఇంట్లో వదిలేసి రా నాయనా."