రాతి మనిషికి పెట్టిన బొట్టు

మా అత్త వాసవాంబ చేతిలో కుంకుమ భరిణె ఉంటే ఎవరినీ వదిలిపెట్టదు. నాకు ఏడో నెల. శుక్రవారం సీమంతం. సౌకార్‌పేటలో మా వీధి మొత్తాన్ని బొట్టు పెట్టి పిలిచాక, నా స్నేహితురాలు మధుమితను పిలవడానికి కారులో మహాబలిపురం దారి పట్టాం. ఆ వైపు పొలాల మధ్య కొత్తగా ఒక శిల్పాల తోట పెట్టారు. మధుమితకు అందులోనే ఉద్యోగం.

మిట్టమధ్యాహ్నం. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. సరుగుడు చెట్లు గాలికి హోరుమంటున్నాయి. ఎండకు కాగిన రాతి వాసన, దానితో కలిసి ఉప్పుగాలి. తుప్పు పట్టిన ఇనుప చక్రాలు, తలల్లేని మొండేలు. మధుమిత ఒక్కొక్కటీ చూపిస్తుంటే అత్త మూతి తిప్పుకుంటూ నడిచింది. నాకు మాత్రం సరదాగానే ఉంది.

తోట చివర నల్లరాతి ఆడమనిషి నిలబడి ఉంది. మనిషెత్తు. ముఖంలో కళ్ళూ ముక్కూ లేవు. పొట్ట ఉండాల్సిన చోట అటునుంచి ఇటు కనబడే పెద్ద రంధ్రం.

అక్కడ ఆగి మధుమితకు బొట్టు పెట్టిన అత్త, అలవాటు కొద్దీ అదే వేలితో పక్కనున్న రాతి నుదుటికీ అద్దేసింది.

"శుక్రవారం సీమంతం. తప్పకుండా రామ్మా."

బొట్టూ పిలుపూ ఆవిడకు కలిసే వస్తాయి మరి. మధుమిత నవ్వింది. నేనూ నవ్వాను.

అప్పటిదాకా నా డొక్కలో తంతున్న బిడ్డ ఆగిపోయింది.

చెట్ల హోరు కూడా ఆగింది. ఎక్కడినుంచో పచ్చి పసుపు వాసన... రాతి రంధ్రంలోంచి మెత్తటి చప్పుడు. టప్... టప్...

"మధూ, వినబడిందా?" అన్నాను మెల్లిగా.

"ఈడేముంది వినడానికి?"

రంధ్రంలో చెయ్యి పెట్టాను. పైన కాలుతున్న రాయి లోపల చల్లగా ఉంది. అరచెయ్యి ఆనించాను. రాతి అడుగునుంచి ఏదో తన్నింది. వెంటనే ఇంకోసారి.

నా బిడ్డ తన్ను నాకు తెలీదా?

భయంకన్నా ముందు ఒళ్ళు మండింది. చీర కొంగుతో రాతి నుదుటి మీది కుంకుమ తుడవబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు సింధూరీ," గుసగుసగా అంది. "పిలిచినాక బొట్టు చెరపకూడదు. మనకే మంచిది కాదు."

"పిలిచింది మీరు అత్తా. బిడ్డ నాది."

తుడిచాను. గోళ్ళతో గీకాను. ఎరుపు పోయేదాకా వదల్లేదు. దాని చెవి ఉండాల్సిన చోట నోరు పెట్టాను.

"మా ఇంటికి రావద్దు. నాది నాకిచ్చెయ్."

ఒక్క క్షణం ఏమీ లేదు... తర్వాత నా కడుపులో గట్టిగా ఒక తన్ను. అక్కడే కూలబడి ఏడ్చేశాను.

సీమంతం ఆపేద్దామని అత్త గొడవ. నేను ఆపనివ్వలేదు. చేతులనిండా గాజులు తొడిగించుకున్నాను. పులిహోర మారు వడ్డించుకుని మరీ తిన్నాను. పిలిచినవాళ్ళు తప్ప ఎవరూ రాలేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

సోమవారం డాక్టరమ్మ నా పొట్టమీద మిషన్ పెట్టింది. బిడ్డ గుండె చప్పుడు గదంతా నిండింది. గబగబా, నిక్షేపంగా. దాని వెనకాల ఇంకొకటి... చాలా నెమ్మదిగా. ఆవిడ నా మణికట్టు పట్టుకుని చూసింది.

"ఇది మీ నాడి కాదే," అంది. స్కాన్ తీసింది. ఒక్క బిడ్డే.

రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకున్నాను.

"ఎవరైనా సరే, ముందు నాతో తేల్చుకోవాలి."

నెమ్మది చప్పుడు ఆగింది.

తర్వాత వేగం పెంచుకుని... నా బిడ్డ గుండెతో కలిసి కొట్టుకోవడం మొదలుపెట్టింది.