పదమూడో అడుగు

గేటు చప్పుడయ్యేసరికి అమ్మాజీగారు వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. ఎదురుగా శ్రీసుధ, ఈనె తీసినవాటిని తుంచి గిన్నెలో వేస్తోంది. ఇన్నీసుపేటలోని ఆ పెంకుటింటి గేటుకు ‘ప్రైవేటు పరిశోధన’ అని చిన్న బోర్డు ఉంటుంది గానీ, అది చూసి లోపలికి వచ్చినవాళ్లకు ముందుగా కనిపించేది ఎప్పుడూ ఏదో ఒక కూరగాయే. పోలీసు శాఖలో చాలాకాలం పనిచేసి ముందుగానే పదవీ విరమణ చేసిన అమ్మాజీగారు, చేతిలో పనుంటే తప్ప ఎదుటివాళ్ల మాట తనకు బుర్రకెక్కదంటారు. ముక్తేశ్వరం దగ్గర పల్లెలో చదువుకుని వచ్చి ఆవిడ దగ్గర సహాయకురాలిగా చేరిన శ్రీసుధకు మొదట్లో ఇది వింతగా ఉండేది. ఆవిడ వేళ్లు ఆగాయంటే ఏదో దొరికిందని అర్థమని తర్వాత్తర్వాత తెలిసింది.

వచ్చిన అమ్మాయికి పాతికేళ్లుంటాయి. చంకలో పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం ఉంది. ఏడ్చి, మొహం కడుక్కుని, మళ్లీ ఏడ్చినట్టుంది.

“నా పేరు మధులతండి. సూర్యతేజగారి ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీస్తానండి. నేను దొంగతనంగా ప్లాను మార్చానంటున్నారండి.”

“మార్చావా?”

“లేదండి!”

“అయితే నీళ్లు తాగి మొదట్నుంచీ చెప్పు.”

మధులత చెప్పింది. లెక్కల మాస్టారు వెంకటరమణగారికి ఈమధ్యే ఆడపిల్ల పుట్టింది. దానవాయిపేటలో ఆయనకున్న ఇల్లు చాలడం లేదు. వెనక ఒక గది పెంచుకోవడానికి కార్పొరేషన్ అనుమతి కావాలి. కంప్యూటరు మీద ప్లాన్లు గీసే ఆఫీసులు ఊళ్లో అప్పటికింకా ఒకటో రెండో. మధులత చేత్తోనే, ట్రేసింగు కాగితం మీద ఇంకుతో గీసింది. పాత గోడలు ఏవి, కొత్తవి ఏవి, పునాది ఎంత లోతు, కిటికీలెక్కడ అన్నీ చూపించింది. ఆ ట్రేసింగును మాస్టారింటికి సంతకానికి పట్టుకెళ్లింది. మాస్టారు బడి నుంచి ఇంకా రాలేదంటే అక్కడే వదిలి వచ్చింది. మర్నాడు సంతకమైన ట్రేసింగును చుట్టచుట్టినట్టే తెచ్చుకుని, తిన్నగా షాపుకెళ్లి ప్రింట్లు తీయించి, ఆఫీసులో ఇచ్చేసింది.

“మళ్లీ విప్పి చూసుకోలేదా?”

“నేను గీసిందే కదాండీ అనుకున్నాను.”

వారం తిరక్కుండా ప్లాను కార్పొరేషన్ నుంచి వెనక్కొచ్చింది. కొత్త గది పొడవు పన్నెండడుగులుండాలి, దాని వెనక అయిదడుగుల ఖాళీ వదలాలి. రెండూ కలిపితే ప్రహరీగోడ వరకూ పదిహేడు. ప్లానులో మాత్రం గది పొడవు పదమూడని ఉంది. ఖాళీ అయిదుకి అయిదూ ఉంది. అంటే గోడ దాటి, వెనకింటి పెద్దిరాజుగారి స్థలంలోకి ఒకడుగు వెళ్లినట్టు!

“సంగతి తెలిసి పెద్దిరాజుగారు ఊరుకోలేదండి. గీసినవాళ్ల మీద ఫిర్యాదు కాయితం పెడతానన్నారు. మా సార్ ఏమో, మాస్టారి దగ్గర ఏదో పుచ్చుకుని నేనే మార్చానని రేపొద్దున్నే రాసిచ్చేస్తానన్నారండి. నాకు సొంతంగా లైసెన్సు రావడానికి ఆయన ఇచ్చే అనుభవం సర్టిఫికెట్టు ఒక్కటే తక్కువండి. ఇప్పుడా కాయితం వెళ్లిందంటే ఇక ఈ జన్మకి నాకు లైసెన్సు రాదు.”

“ట్రేసింగు ఏదీ?”

మధులత గొట్టంలోంచి తీసి పరిచింది. అమ్మాజీగారు కొంగుకు చేతులు తుడుచుకుని, కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. శ్రీసుధ కూడా వంగి చూసింది. గదిలో ఒకవైపు 11 అనీ, ఇంకోవైపు 13 అనీ ఉంది. ఆ మూడు అంకె చుట్టూ కాగితం, పకోడీల పొట్లంలా, మరకపడి మెరుస్తోంది. అంకె కింద సన్నసన్నటి గీరలున్నాయి.

“నువ్వు తప్పు దిద్దాలంటే ఎలా దిద్దుతావు?”

“బ్లేడు పడుకోబెట్టి గీకుతానండి. ఇలా గీరలు పడనివ్వను.”

“మీ సార్?”

“ఆయన కూడా అంతేనండి. ఆయన దగ్గరే నేర్చుకున్నాను.”

“ఆయన ఇది చూశారా?”

“లేదండి. ప్రింటు చూసే కేకలేశారు.”

అమ్మాజీగారు వేలి కొసతో ఆ మూడును తాకారు. వేలికి నల్లగా అంటింది. వాసన చూశారు. మళ్లీ చిక్కుడుకాయలు అందుకున్నారు గానీ, వేళ్లు కదలడం లేదు.

“గోడ గీత చూడు సుధా. అది పన్నెండు దగ్గరే ఉంది, కదల్లేదు. అంకె ఒక్కటే మారింది.”

శ్రీసుధకు అందులో ఏముందో అర్థం కాలేదు.

* * *

మధ్యాహ్నం ఇద్దరూ దానవాయిపేట వెళ్లారు. వెంకటరమణ మాస్టారు బడిలో ఉన్నారు. ఆయన తల్లి సంపూర్ణమ్మగారు తలుపు తీశారు. పొట్టి మనిషి, చురుకైన చూపు. ఒళ్లో మనవరాలు. పిల్ల బుగ్గన, అరికాలిలో దిష్టిచుక్కలు. ఆవిడ భర్త పౌరోహిత్యం చేసి ఆ మధ్యే పోయారట.

“ఇంటి ప్లాను విషయమై వచ్చామండి,” అన్నారు అమ్మాజీగారు, పేచీ సంగతి ఎత్తకుండా.

“రండమ్మా, కూర్చోండి. ప్లానేదో వెనక్కొచ్చిందన్నాడు మావాడు. ఆఫీసుల్లో అలాంటివి మామూలే కదమ్మా, మళ్లీ వెళ్తుంది. కాఫీ తాగుతారా?”

“తాగుతామండి. గది ఎవరి కోసమండీ?”

“ఇదిగో, దీనికీ దీని తల్లికీ.” పిల్ల గడ్డం పట్టుకుని ఊపారావిడ. “ఏనుగులాంటి గది పడుతోందమ్మా, మారాణికి.”

పదకొండుకి పదమూడు గదిని ఏనుగంటున్నారు, ముచ్చట కాకపోతే, అని శ్రీసుధ లోలోపల నవ్వుకుంది. పక్కకు చూస్తే అమ్మాజీగారు నవ్వడం లేదు.

పెరటి వైపు కూర్చుని కాఫీ తాగుతుండగా ప్రహరీ అవతలి నుంచి ఒక తల పైకి లేచింది.

“ఎవరండీ? కొలతలకొచ్చారా? ఆయ్, నేనే పెద్దిరాజునండి. కొలవండి, బాగా కొలవండి. నా కొబ్బరిచెట్టు కూడా వాళ్ల వంటింట్లోకి వస్తుందేమో చూసి చెప్పండి!”

“మీరు ఈమధ్య వీళ్లింట్లోకి వచ్చారా?” అనడిగారు అమ్మాజీగారు.

“నేనా? ఆ చూరునీళ్ల గొడవ అయిన దగ్గర్నుంచీ వాళ్ల గుమ్మం తొక్కలేదండి. మాస్టారు ఎదురైతే మొహం తిప్పేసుకుంటాను. ఆయన నాకంటే ముందే తిప్పేస్తాడనుకోండి, అది వేరే సంగతి.”

“అది నిజమేనమ్మా,” అన్నారు సంపూర్ణమ్మగారు లోపల్నుంచి. “ఇద్దరూ చంటిపిల్లల కంటే కనాకష్టం.”

వీధిలోకి వచ్చాక శ్రీసుధ ఆగలేకపోయింది. “మాస్టారే అయ్యుంటారాండీ? అడుగు స్థలం కలిసొస్తుంది కదా.”

“స్థలం కావాలనుకున్నవాడు అంకె మార్చి గోడ గీతని వదిలేస్తాడా? పైగా లెక్కల మాస్టారు. పదమూడూ అయిదూ పద్దెనిమిదని ఆయనకి తెలీదా?”

“పోనీ పెద్దిరాజుగారు, ప్లాను చెడగొడదామని...”

“గుమ్మం తొక్కలేదని ఆవిడే చెప్పిందిగా. సాయంత్రం అందర్నీ ఆ ఇంటికే రమ్మను. సూర్యతేజని కూడా. ఆ సర్టిఫికెట్టు కాయితం తెచ్చుకోమని మధులతతో చెప్పు.”

* * *

సాయంత్రం మాస్టారింటి హాల్లో అందరూ చేరారు. మాస్టారు కుర్చీ అంచున కూర్చున్నారు. పెద్దిరాజుగారు గుమ్మం తొక్కనన్న మాట నిలబెట్టుకోవడానికి గడపకు అవతలే స్టూలు వేయించుకున్నారు. సూర్యతేజ ఇస్త్రీ చొక్కాలో, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మధులత గోడ వారన ఉంది. సంపూర్ణమ్మగారు పిల్లను జోకొడుతూ ఉయ్యాల దగ్గర కూర్చున్నారు.

“ఇంతమందిని పిలవడం దేనికండీ? గీసింది మధులత. మార్చింది కూడా తనే. పార్టీ అడిగుంటారు, చేసింది,” అన్నాడు సూర్యతేజ.

“ఏంటండీ, నేనడిగానా?” మాస్టారు లేచారు.

“కూర్చోండి మాస్టారూ. సూర్యతేజగారూ, మీరీ ట్రేసింగు ఒకసారి చూడండి.”

అతను అయిష్టంగా అందుకున్నాడు. చూస్తున్నకొద్దీ మొహం మారింది.

“ఇది... ఇది బ్లేడుతో గీకింది కాదే.”

“కాదు. పిన్నీసుతో గీరారు. ప్లాన్లు గీసే చెయ్యి ఆ పని చెయ్యదు. మీది కాదు, ఈ అమ్మాయిదీ కాదు. ఇక నలుపు. ఇంకు అయితే ఎప్పుడో ఆరిపోయేది, ఇది ఇప్పటికీ వేలికి అంటుతోంది. చుట్టూ నూనె మరక, ఆముదం వాసన. ఆముదం దీపానికి పట్టి, ఆముదంతోనే రంగరించేది ఇంట్లో ఏముంటుందండీ?”

“కాటుక!” అంది శ్రీసుధ, తనకు తెలీకుండానే పైకి.

ఉయ్యాల ఊగడం ఆగింది. అమ్మాజీగారు అటు చూడలేదు.

“కాటుక ఎవరింట్లోనైనా ఉంటుంది. కాబట్టి నేను ఆలోచించింది కాటుక గురించి కాదు. గోడ గీత కదల్లేదు. ఖాళీ స్థలం అంకె మారలేదు. గది పెద్దది కావాలన్నా, ప్లాను చెడగొట్టాలన్నా వీటితో పని ఉంటుంది. ఈ మనిషికి కావలసింది అడుగు స్థలం కాదు. వట్టి అంకె కావాలి. పన్నెండు పనికిరాదు, పదమూడు కావాలి. ఎందుకు? మాస్టారూ, పదకొండు పన్నెండ్లెంత?”

“నూట ముప్ఫై రెండు.”

“ఎనిమిదితో భాగించండి.”

“నాలుగు మిగులుతుంది.” అంతలోనే మాస్టారి గొంతు తగ్గింది. “ఆయమా?”

“ఆయమే. పొడవూ వెడల్పూ హెచ్చవేసి ఎనిమిదితో భాగిస్తే, మిగిలిన దాన్ని బట్టి ఇంటికి ఆయం చెప్తారు. బేసి మిగిలితే మంచిది, సరి మిగిలితే చెడ్డది. నాలుగు మిగిలితే శునకం. ఆ గదిలో ఎప్పుడూ పోట్లాటలే అంటారు. పదమూడు చేస్తే?”

“నూట నలభై మూడు. ఏడు మిగులుతుంది.”

“ఏడు మిగిలితే గజాయం. ఏనుగు.”

ఏనుగులాంటి గది! శ్రీసుధ ఉయ్యాల వైపు చూసింది. మధ్యాహ్నం ఆ మాట తన చెవిన పడి, నవ్వులో కొట్టుకుపోయింది.

సంపూర్ణమ్మగారు లేచి నిలబడ్డారు. ఎవరూ అడక్కుండానే చెప్పారు.

“నేనేనమ్మా. మావారు బతికుండగా ఎంతమందికి ఆయం కట్టారో! వినీ వినీ నాకూ వచ్చేసింది. ఆ రోజు కాయితం పరిచి ఉంటే చూశాను. నా మనవరాలు కుక్క గదిలో పడుకోవాలా? వీడితో చెప్తే నవ్వుతాడు. అందుకని సంతకమయ్యాక, వీడు స్నానానికెళ్లినప్పుడు దిద్దాను. మేస్త్రీ అంకె చూసేగా కడతాడు, గది దానంతటదే ఓ అడుగు పెరుగుతుందిలే అనుకున్నాను. ఆ అడుగు వెళ్లి పెద్దిరాజు మీద పడుతుందని నాకేం తెలుసు?”

“పడితే పడిందిలెండి పిన్నిగారూ,” అన్నారు పెద్దిరాజుగారు స్టూలు మీద ఇబ్బందిగా కదులుతూ. “మీరని తెలిస్తే అంత గోల చేసేవాణ్ని కాదు.”

“నువ్వు అసలే గోలమనిషివిలే.” ఆవిడ మధులత దగ్గరకు వెళ్లి రెండు చేతులూ పట్టుకున్నారు. “నీ మీదకొచ్చిందని ఒక్కరు చెప్పలేదే తల్లీ! చెప్తే ఆ నిమిషమే ఒప్పుకునేదాన్ని. రేపు ఆ ఆఫీసుకి నేనే వచ్చి చెప్తాను.”

“వద్దండి మామ్మగారూ,” అంది మధులత. మొహం తేటపడింది. “కొత్త ప్లాను ఇస్తే చాలండి. పదమూడు చెయ్యడానికి చోటు లేదు గానీ, పదకొండుకి పదకొండైతే?”

సంపూర్ణమ్మగారి పెదాలు కదిలాయి. వేళ్ల కణుపుల మీద లెక్క నడిచింది.

“నూట ఇరవై ఒకటి. ఒకటి మిగులుతుంది. ధ్వజాయం!” ఆవిడ కళ్లు మెరిశాయి. “ఏనుగు కంటే మేలే. పెంచడమే ఆలోచించాను గానీ, తగ్గించడం తట్టలేదు చూడు.”

“వెనక ఖాళీ ఆరడుగులవుతుందండి. కిటికీకి గాలి బాగా వస్తుంది. ఆఫీసులో కూడా పేచీ ఉండదు.”

“అంటే నా వైపు ఒకడుగు వదుల్తున్నారా?” పెద్దిరాజుగారు గడప దాటి లోపలికే వచ్చేశారు. వచ్చాక గాని గుర్తు రాలేదు. మాస్టారు ఆయన్ను చూసి, చూసి, ఆఖరికి నవ్వేశారు. “కాఫీ తాగి వెళ్లండి పెద్దిరాజుగారూ. ఎలాగూ తొక్కేశారుగా.”

మధులత నేల మీదే కూర్చుని గొట్టంలోంచి కొత్త ట్రేసింగు తీసి, పెన్సిలుతో గది గీసింది. ఒక్క అడుగు తగ్గేసరికి కిటికీ, పునాది, కప్పు కొలతలు అన్నీ కదిలాయి. ఏదీ మర్చిపోకుండా ఒక్కొక్కటే సర్దుతూ పోయింది. సంపూర్ణమ్మగారు పక్కనే చతికిలపడి, ప్రతి అంకెనూ పైకి చదువుకుంటున్నారు. చూస్తూ కూర్చోవడం శ్రీసుధకు హాయిగా ఉంది.

చివర్న అమ్మాజీగారు సర్టిఫికెట్టు కాయితం అందుకుని సూర్యతేజ ముందు పెట్టారు. అతను సంతకం చేశాడు. తేదీ వేశాడు. పెన్ను మూత పెట్టాక కూడా కాయితం వెంటనే ఇవ్వలేదు.

“తొందరపడ్డాను మధులతా. ట్రేసింగు విప్పి చూసుంటే సరిపోయేది.” తలెత్తి అడిగాడు. “రేపు పొద్దున్న ఆఫీసుకి వస్తావుగా? కాకినాడ పార్టీవి రెండు ప్లాన్లు ఆగిపోయి ఉన్నాయి.”

అందరూ ఆమె వైపు చూశారు. మధులత అతని చేతిలోంచి కాయితం తీసుకుని, మడత పడకుండా గొట్టంలో పెట్టింది. కొత్త ట్రేసింగు చుట్టి దాని పక్కనే దూర్చింది. మూత బిగించింది. సంపూర్ణమ్మగారి కాళ్లకు దణ్ణం పెట్టి, ఉయ్యాల్లో పిల్ల బుగ్గ తాకి, గుమ్మంలో చెప్పులు వేసుకుంది. “రేపు లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవాలండి,” అని గొట్టం చంకలో పెట్టుకుని, వీధిలోకి నడిచి వెళ్లిపోయింది.