తెర మారని సాయంత్రం

ఉదయం ఎనిమిదింటికి హైమావతి కుర్చీలో కూర్చునేసరికి, తెర చూసేవాళ్ళ మనసు ఎంత నొచ్చుకుంటోందో చూపే కాకినాడ నొప్పిసూచి వందకు పదకొండు దగ్గర ఉంది. మంచి రోజన్నమాట. జగన్నాథపురంలో ఒక అత్తగారి తెర మీద అత్తలను ఆడిపోసుకునే ధారావాహిక రాబోతుంటే మళ్లింపు యంత్రం దానంతటదే తోటపని కార్యక్రమం పెట్టింది. మారిన సంగతి ఆవిడకు తెలియనే లేదు. రామారావుపేటలో ఒక పంతులుగారి తెర మీదికి పురోహితుల మీద జోకు రావడానికి మూడు సెకన్ల ముందే క్రికెట్టు వచ్చేసింది. ఆయనా హాయిగా కాఫీ తాగుతూ చూస్తున్నారు. ఇవన్నీ సవ్యంగా జరుగుతున్నాయో లేదో చూడడమే హైమావతి ఉద్యోగం. గది మూల ఫిర్యాదుల బల్ల కూడా ఉంది గానీ తొమ్మిదేళ్ళుగా ఆవిడ దాని మీద టిఫిను డబ్బా పెట్టుకుంటోంది.

ఈ ఏర్పాటంటే ఆవిడకు ప్రాణం. వెనకటి రోజుల్లో తెర మీద ఎవరో ఏదో అన్నారని జనం ప్రసార కేంద్రం మీద రాళ్ళేస్తే, లోపల ఉద్యోగం చేసుకుంటున్న వాళ్ళన్నయ్యకు ఒక కన్ను పోయింది. నచ్చకపోతే వేరే ఛానల్ పెట్టుకోవచ్చు కదా అని వాళ్ళమ్మ ఏడుస్తూ అనేది. ఇప్పుడు పెట్టుకునే శ్రమ కూడా లేదు. గదిలో ఉన్నవాళ్ళలో ఎవరి మనసు మెత్తనో కనిపెట్టి, వాళ్ళకు నొప్పి తగలకముందే తెర పక్కకు తప్పుకుంటుంది. రాళ్ళు లేవు, దెబ్బలు లేవు. మనుషులకు ఇంతకంటే ఏం కావాలి?

పదకొండింటికి ఒకాయన వచ్చి సరాసరి ఆ బల్ల ముందు నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి. వేళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు. హైమావతి గబగబా డబ్బా తీసి కింద పెట్టింది.

"నా పేరు దొరబాబండి. రేవులో బోటు ఇంజన్లు బాగుచేస్తానండి. మా ఇంట్లో తెర ముందు నేను కూ... కూ..."

"కుదరట్లేదా? బొమ్మ సరిగా రావట్లేదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "కూ... కూ..."

"కూత వస్తోందా దాంట్లోంచి?"

"చెప్పనివ్వండమ్మా," అన్నాడాయన నవ్వుతూనే.

హైమావతికి సిగ్గేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకుంది. దొరబాబు మాట తట్టుకుంటూనే, నిదానంగా చెప్పుకొచ్చాడు.

"నేను కూర్చుంటే మారిపోతందండి. సాయంత్రం ఆరున్నరకి మా అమ్మాయి చైత్ర ఏదో చూసి పడీపడీ నవ్వుద్దండి. పదేళ్ళు దానికి. ఆ నవ్వు వీధి చివరికి వినపడుద్ది. ఏంటమ్మా అని నేనెళ్ళి పక్కన కూర్చుంటానా, చేపలు పట్టేది వచ్చేస్తదండి. పిల్ల 'అబ్బా నాన్నా' అని పక్కింటికి పోద్ది. ఏడాదైందండి ఇలా. ఇప్పుడైతే నేను గుమ్మంలో చెప్పులిప్పుతుంటేనే లేచిపోతంది."

హైమావతి కార్యక్రమాల పట్టీ చూసింది. ఆ సమయానికి వచ్చేది హుషారు హోటల్ అనే నవ్వుల కార్యక్రమం. అందులో తాతాజీ అని ఒక సర్వరు, వాడికి నత్తి. సంగతి అర్థమై ఆవిడ ప్రాణం ఉసూరుమంది.

"అది మీరు చూడకుండా ఉంటేనే మంచిదండీ," అంది.

"నా మంచికైతే మా పిల్ల నా పక్కనుంచి ఎందుకు లేచిపోతందండి?"

హైమావతి లేచి ఆయన్ని వెంట తీసుకెళ్ళింది. పరీక్షగదిలో కూర్చోబెట్టి, నిన్నటి భాగం వేసి, తెర తప్పుకోకుండా నిలుపుమీట మీద వేలు నొక్కిపట్టింది.

సాంబారు బకెట్టు జారి యజమాని నెత్తిన పడితే దొరబాబు పెద్దగా నవ్వాడు. ఆ తర్వాత తాతాజీ టిఫిన్ల పేర్లు చెప్పబోయాడు. "పె... పె..." అనగానే బల్ల దగ్గర కూర్చున్నవాడు "పెసరట్టా, పెళ్ళామా?" అన్నాడు. హోటలంతా నవ్వులు. ప్రతి మాటకూ అంతే. పాపం తాతాజీ ఒక్క పేరూ పూర్తి చెయ్యలేకపోయాడు. దొరబాబు నొప్పిసూచి డెబ్భై నాలుగుకు పోయింది.

అయిపోయాక ఆయన ఆవిడ వైపు తిరిగాడు.

"రేవులో నేను నోరు తెరిస్తే చాలండి, 'పెళ్ళామా' అంటారందరూ. ఎందుకంటారో ఇప్పుడు తెలిసింది. ఏడాది నుంచి నేనూ వాళ్ళతో కలిసి నవ్వుతున్నానండి."

హైమావతి కాగితం దగ్గరికి లాక్కుంది. "ఆపించమని రాయమంటారా?"

"ఒద్దండి. పిల్ల నవ్వు ఆపించడానికి రాలేదు నేను. ఇయ్యాల ఒక్కపూట తెర మారకుండా చూడండి. దాని పక్కన కూర్చుంటాను."

పరీక్షగది దాటి ఇంటి తెరను నిలిపితే ఉద్యోగం పోతుంది. ఆ మాట ఆవిడ ఆయనతో అనలేదు. చూస్తానంది.

ఆరింటికి అందరూ వెళ్ళిపోయారు. హైమావతి వెళ్ళలేదు. ఆరున్నరకు దొరబాబు ఇంట్లో తండ్రీకూతుళ్ళ నొప్పిసూచి గీతలు రెండూ తన ముందుకు తెచ్చుకుని నిలుపుమీట నొక్కింది. తండ్రి గీత అప్పటికే అరవై. పిల్లది మూడు. తండ్రి పక్కన కూర్చోగానే పిల్ల లేచి అవతలికి పోయినట్టుంది, దాని గీత పలచబడింది. తెర మారకపోయేసరికి మళ్ళీ వచ్చి కూర్చుంది.

తాతాజీ వచ్చాడు. తండ్రి గీత డెబ్భై దాటింది. పిల్లది మూడు, నాలుగు. నవ్వుతోంది. ఉన్నట్టుండి ఇరవై అయింది. నలభై ఎనిమిది. అరవై ఆరు. పక్కనున్న తండ్రి ముఖం చూసి ఉంటుంది. చూడాలంటే ఆయన పక్కన ఉండాలి కదా. ఏడాదిలో ఒక్కసారీ ఉండనివ్వలేదు ఈ తెర.

పసిమనసు, మీట వదిలెయ్యి, అని యంత్రం ఎర్రగా మొత్తుకుంది.  పిల్లల గీత లేవకుండా చూడడమే ఇన్నేళ్ళూ తన పని. ఈ గీత మాత్రం లేవాల్సిందే అనిపించింది. వేలు తియ్యలేదు. యంత్రం ఆవిడ పేరు పైఅధికారులకు పంపేసింది.

కాసేపటికి ఫిర్యాదుల బల్ల మీద గంట మోగి, దాని స్పీకరులోంచి ఒక పిల్ల గొంతు వినపడింది.

"అండీ, నేను చైత్రనండి. తాతాజీ గురించి చెప్పాలండి."

యంత్రం జవాబు సిద్ధంగా పెట్టింది. హైమావతి అలవాటుకొద్దీ చదివింది. "ఇకపై మీ ఇంట్లో ఆ కార్యక్రమం రాదమ్మా."

"మా ఇంట్లో రాకపోతే ఏంటండి? రేవులో అందరిళ్ళల్లోనూ వస్తది కదా. మా నాన్నని చూసి నవ్వుతారు." పిల్ల గొంతు తగ్గించింది. "నేనూ నవ్వానండి."

"పోనీ ఆపెయ్యమందామా?"

"ఒద్దండి. తాతాజీ అంటే నాకిష్టం. ఆయన మాట అయ్యేదాకా వాళ్ళని ఆగమనండి. ఆగితే చెప్తారండి. మా నాన్న ఇప్పుడే చెప్పారు నాకు, ఎంత పెద్ద సంగతి చెప్పారో."

ఎడమ చేత్తో మీట నొక్కిపట్టే ఉంచి, కుడి చేత్తో హైమావతి ఆ మాటలను ఒక్క అక్షరం మార్చకుండా రాసి, హుషారు హోటల్ తీసేవాళ్ళ పేరున పంపబోయింది. వాళ్ళ మనసు నొచ్చుకోవచ్చు, మళ్లించనా, అని అడిగింది యంత్రం.

"నొచ్చుకోనీ," అని పంపించేసింది.

"వెళ్ళిందమ్మా. వింటారో వినరో మరి, అది నేను చెప్పలేను."

"రేపు చూస్తాంగా, మా తెర మార్చకండి," అంది చైత్ర. "నాన్నా నేనూ కూర్చుని చూస్తామండి. వినకపోతే మళ్ళీ ఫిర్యాదు చేస్తాం."