జవానుకు అనుమానం నేర్పిన అమ్మాయి

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే జవాను కొంప ముంచాడు.

సైన్యంలో ఏళ్ళ తరబడి వైర్‌లెస్ సెట్ల ముందు కూర్చుని వచ్చిన మనిషి. హ్యాకర్ల నుంచి కంపెనీల కంప్యూటర్లను కాపాడే ఆ ఆఫీసులో అందరూ అతన్ని జవాను అనే పిలిచేవారు. ఆ ఉదయం డైరెక్టర్ పేరుతో మెయిల్ వచ్చింది. సర్వర్ పాస్‌వర్డ్ అర్జెంటుగా పంపమని. చదివాడు, పంపాడు, ‘పని పూర్తయింది సర్’ అని కూడా రాశాడు.

ఆ మెయిల్ డైరెక్టర్ పంపింది కాదు. పక్క వరసలో కూర్చునే టీమ్ లీడర్ పంపింది. కొత్తవాళ్ళను పరీక్షించడానికి దొంగ మెయిళ్ళు పంపడం ఆమె పనిలో భాగం.

ఆమె రాగానే అతను నిటారుగా లేచి నిలబడ్డాడు.

“కూర్చోండి. అడగ్గానే ఇచ్చేశారేం?”

“పైనుంచి ఆర్డర్ వచ్చింది మేడమ్.”

“పైనుంచే వచ్చిందని ఎవరు చెప్పారు?”

“మెయిలే చెప్పింది.”

ఆమె నవ్వు బిగబట్టుకుంది. “ఇక్కడ శత్రువు మన యూనిఫామే వేసుకొస్తాడు. మళ్ళీ ఇలా చేస్తే మీ ప్రొబేషన్ నేను పాస్ చెయ్యలేను.”

ఈ ఉద్యోగం పోతే అతనికి బావ చూసిపెట్టిన గోడౌన్ కాపలా ఉండనే ఉంది. ఆ పని తక్కువని కాదు, ఈ విద్య మీద మనసు పడ్డాడు. ఆ వారమే ఆ పక్క వరస మీద కూడా మనసు పడింది.

మధ్యాహ్నాలు క్యాంటీన్‌లో ఆమె పాఠం చెప్పేది. పెద్దల్నీ దేవుణ్ణీ ఎదురు ప్రశ్నించకూడదని తనను పెంచారని అతనొకసారి అన్నాడు.

“అడిగితే దేవుడేం కోప్పడడు లెండి. డైరెక్టర్ సంగతే చెప్పలేను,” అంది.

ఒక వాన సాయంత్రం ఫోన్ మోగింది. డైరెక్టర్ గొంతు. ఊరికాని ఊళ్ళో ఉన్నాడట, లాగిన్ పనిచెయ్యడం లేదట, వెంటనే కొత్త పాస్‌వర్డ్ కావాలట.

జవాను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “మీ నంబరుకు నేనే తిరిగి చేస్తాను సర్. అంతవరకూ ఇవ్వలేను.”

“నేనెవరో తెలుసా?”

“తెలుసుకోవడానికే సర్.”

తిరిగి చేస్తే ఆ నంబరు స్విచాఫ్. పాస్‌వర్డ్ ఇవ్వలేదు.

ఈసారి అడిగింది నిజంగా డైరెక్టరే. చార్జింగ్ అయిపోయి వేరేవాళ్ళ ఫోన్ నుంచి చేశాడు. పాస్‌వర్డ్ అందక అక్కడ అతని మీటింగ్ పాడైంది. మర్నాడు తిరిగొచ్చి జవాన్నీ టీమ్ లీడర్‌నీ పిలిచి నిప్పులు చెరిగాడు. నేర్పింది తానేనని, తప్పయితే ముందు తననే తీసెయ్యమని ఆమె చెప్పింది.

డైరెక్టర్ కాస్త చల్లబడ్డాడు. “రేపు నా గొంతుతో దొంగ ఫోన్ చేసినా ఇలాగే అంటాడా?”

“అంటాడు సర్.”

“అయితే ఉండనివ్వు.”

బయటికొచ్చేసరికి మళ్ళీ వాన. ఇద్దరూ మెట్ల దగ్గర చూరు కింద నిలబడ్డారు. ప్రొబేషన్ పాసయినట్టేనని చెప్పి, ఆమె వాన వైపు చూస్తూ అంది. “ఆదివారం మా ఇంటికి రండి. నాన్నతో మాట్లాడాలి, మనిద్దరి గురించి.”

అలవాటు కొద్దీ అతని వెన్ను నిటారయింది. “ఇది ఆర్డరా మేడమ్?”

“కాదు. ఆర్డరయితే మారు మాట్లాడకుండా వచ్చేస్తారు. అలా రావద్దు. ఆలోచించి చెప్పండి.”

“వస్తాను.”

“ఆలోచించమన్నానా?”

“చేరిన వారం నుంచీ అదే ఆలోచన,” అన్నాడు. “అడగడమే రాలేదు.”